స్టీరింగ్ పక్కకి లాగుతోందా? అలైన్‌మెంట్ ముందు కాదు.. ఆఖర్న!

సూర్యాపేట దాటాం. రోడ్డు ఖాళీగానే ఉంది, స్పీడు డెబ్బై దగ్గర ఉంది. ముందు వెళ్తున్న లారీ నెమ్మదించిందని బ్రేకు తొక్కాను. కారు నేరుగా ఆగాలి కదా.. ఎవరో పక్కనుంచి తోసినట్టు ఎడమవైపు ఓ అడుగు జరిగి ఆగింది. పక్క సీట్లో నాన్న ఏమీ అనలేదు. డ్యాష్‌బోర్డు మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నారంతే. విజయవాడ వచ్చేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

కారు ఆయనదే. 2004 మోడల్ మారుతీ 800. అంతకుముందు నాలుగు నెలల్లో మూడుసార్లు వీల్ అలైన్‌మెంట్ చేయించాను. ప్రతిసారీ కంప్యూటర్ స్క్రీన్ మీద అంకెలన్నీ పచ్చగా వచ్చాయి, ప్రింటవుట్ కూడా ఇచ్చారు. వారం తిరిగేసరికి మళ్లీ అదే కథ. పైగా ముందు టైర్లు లోపలి అంచున గుండు గీసినట్టు నున్నగా అరిగిపోయాయి.

మర్నాడు విజయవాడ ఆటోనగర్‌లో నాన్నకి తెలిసిన ఓ పాత మెకానిక్ బాబాయ్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన కారు చుట్టూ ఓసారి తిరిగి ఒకే ప్రశ్న అడిగారు. ‘‘ఎప్పుడూ లాగుతోందా, బ్రేకు తొక్కినప్పుడే లాగుతోందా?’’

అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అది. బ్రేకు తొక్కినప్పుడే ఎక్కువ అన్నాను. ముందు ఎడమ చక్రాన్ని జాకీ మీద లేపి, కింద స్టాండ్ పెట్టి, లోయర్ ఆర్మ్ పక్కన పొడవాటి రాడ్ దూర్చి మెల్లిగా తిప్పారు. ఆర్మ్ బొటనవేలు మందాన ముందుకీ వెనక్కీ ఆడింది.

‘‘ఇక్కడ ఇంత ఆడుతుంటే పాపం ఆ కంప్యూటర్ ఏం చేస్తుంది బాబూ? అది నిలబెట్టిన చోట కొలుస్తుంది. నీ చక్రం నిలబడదుగా!’’

పాత కారు ఉన్నవాళ్లలో చాలామంది దగ్గర డబ్బు ఖర్చయ్యేది ఇక్కడే. లాగితే అలైన్‌మెంట్, అరిగితే అలైన్‌మెంట్, ఊగితే అలైన్‌మెంట్. నిజానికి అది చివరి పని. ముందు ఎక్కడ లూజు ఉందో పట్టుకోవాలి, దాన్ని సరిచెయ్యాలి, ఆ తర్వాతే కొలతలు.

ఇప్పుడెందుకీ గొడవ?

మారుతీ 800 మొదటి కారు 1983 డిసెంబరు 14న రోడ్డెక్కింది. ఆఖరిది 2014 జనవరిలో తయారైంది. అయితే కొత్త కాలుష్య నిబంధనల వల్ల హైదరాబాద్ సహా 13 నగరాల్లో 2010 ఏప్రిల్ నుంచే దీని అమ్మకం ఆపేశారు. అంటే హైదరాబాద్ షోరూముల్లో కొత్తగా కొన్న 800లన్నింటికీ పదిహేనేళ్లు నిండిపోయినట్టే. సొంత కారు రిజిస్ట్రేషన్ గడువు పదిహేనేళ్లే. ఆ తర్వాత ఫారం 25తో దరఖాస్తు పెట్టి, బండిని తనిఖీకి చూపిస్తే ఐదేళ్లకు పొడిగిస్తారు. ‘నాన్న కారు ఉంచాలా, తీసెయ్యాలా’ అన్న చర్చ చాలా ఇళ్లలో నడుస్తున్నది అందుకే. చిన్న ఇంజిన్ కాబట్టి దాన్ని బాగుచేయించడం పెద్ద కష్టం కాదు. స్టీరింగ్, సస్పెన్షన్ దగ్గరే మనకి భయం. ఎందుకంటే ఏం పాడైందో కంటికి కనిపించదు, చెవికి మాత్రం వినిపిస్తుంది.

శుభవార్త ఏమిటంటే, ఇది మహా సింపుల్ కారు. పవర్ స్టీరింగ్ లేదు, మోటారు లేదు, సెన్సర్ లేదు. స్టీరింగ్ తిప్పితే రాడ్ కింద ఉన్న పళ్ల చక్రం తిరుగుతుంది, అది ఇంకో పళ్ల కడ్డీని పక్కకి జరుపుతుంది. అదే ర్యాక్. దాని రెండు చివర్ల నుంచి టై రాడ్‌లు చక్రాల దాకా వెళ్తాయి. ముందు వైపు ఒక్కో చక్రానికీ స్ప్రింగ్, షాకబ్ కలిసిన ఒక స్ట్రట్, కింద ఒక లోయర్ ఆర్మ్, రెండింటి మధ్యా ఒక బాల్ జాయింట్. అంతే. ఇందులో జెన్, ఆల్టో వాడేవాళ్లకీ దాదాపు ఇదే కథ వర్తిస్తుంది.

ఒక రాడ్, రెండు ఉద్యోగాలు

మా కారులో ఆడుతున్నదేంటో చెప్తాను. ముందు చక్రాల మధ్య వంపు తిరిగిన ఓ ఇనుప రాడ్ ఉంటుంది. స్టెబిలైజర్ రాడ్. మలుపులో కారు ఓ పక్కకి ఒరిగిపోకుండా చూడటం దాని పని. చాలా కార్లలో అంతవరకే. 800లో మాత్రం దాని రెండు కొసలూ నేరుగా లోయర్ ఆర్మ్‌లోకే దూరి ఉంటాయి. కాబట్టి బ్రేకు వేసినప్పుడు చక్రం వెనక్కి పోకుండా ఆర్మ్‌ని పట్టి ఉంచే డ్యూటీ కూడా దానిదే. ఆ కొస దగ్గర ఇనుముకీ ఇనుముకీ మధ్య చిన్న రబ్బరు బుష్‌లు ఉంటాయి. అవి నలిగిపోతే, బ్రేకు తొక్కగానే ఒక చక్రం వెనక్కి జరుగుతుంది, ఇంకోటి జరగదు. కారు పక్కకి లాగేస్తుంది. కాలు తియ్యగానే చక్రం మళ్లీ తన చోటికి వస్తుంది. అలైన్‌మెంట్ షాపులో కారు కదలకుండా నిలబడి ఉంటుంది కాబట్టి అన్నీ పచ్చ అంకెలే!

అరచేతిలో పట్టే రబ్బరు ముక్కలవి. నేను మూడు అలైన్‌మెంట్లకి పెట్టిన డబ్బుతో రెండు వైపులా మార్పించినా మిగిలేది.

వాటిని పాడు చేసింది కూడా కొంతవరకు నేనే. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడల్లా ‘కింద డీజిల్ కొట్టించమంటారా సార్, కిర్రుమనదు’ అంటే సరే అనేవాణ్ణి. కిర్రు ఆగుతుంది, నిజమే. కానీ డీజిల్, పాత ఇంజిన్ ఆయిలు తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఏడాది పొడవునా వాటితో స్నానం చేయిస్తే బుష్‌లు బతకవు. కింద మట్టి పోవాలంటే నీళ్లతో కడిగిస్తే చాలు. కిర్రు మరీ చిరాకు పెడితే సిలికాన్ స్ప్రే వాడొచ్చు.

ఇంటి దగ్గరే చూసుకోండి

మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు ఓ అరగంట కేటాయించండి. మొదట టైర్లలో గాలి. నవ్వకండి. ఒకవైపు గాలి తక్కువుంటే ఏ కారైనా అటే లాగుతుంది. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు, కారు మాన్యువల్లో రాసిన లెక్క ప్రకారం నింపండి. గాలి సరిగా ఉన్నా లాగుతుంటే ముందు టైర్లు రెండింటినీ అటుదిటు మార్చి చూడండి. లాగే వైపు మారిందంటే తప్పు టైరుదే. ఎక్కువ తిరగని పాత కార్లలో ఇది మామూలే. టైరు పైన అచ్చు బాగానే కనిపిస్తుంది, లోపల మాత్రం ముసలైపోయి ఉంటుంది. టైరు పక్కన ఉండే నాలుగంకెల నంబరు చూస్తే దాని వయసు తెలిసిపోతుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని.

తర్వాత కారుని చదునైన చోట ఆపి, తాళం తిప్పి స్టీరింగ్ లాక్ తీసి, కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగ్‌ని కొద్దికొద్దిగా అటూఇటూ ఆడించండి. కళ్లు ముందు టైరు మీద ఉండాలి. స్టీరింగ్ కదులుతుంది గానీ టైరు కదలదు, ఆ ఖాళీనే ‘ప్లే’ అంటారు. స్టీరింగ్ అంచు దగ్గర కొలిస్తే అది 3 సెంటీమీటర్లు దాటిందంటే ఎక్కడో అరిగిందనే. ఫ్రెండ్‌ని బానెట్ తీసి లోపలికి చూడమనండి. ‘టక్ టక్’ ఎక్కడ వినిపిస్తోందో, ఏ జాయింటు దగ్గర ఒకటి కదిలి రెండోది ఆగిపోతోందో ఒకరు తిప్పుతుంటే ఇంకొకరికి బాగా తెలుస్తుంది.

ఇక చక్రం లేపి చూసే పరీక్ష. దీనికి ముందు ఒక మాట. కారుతో పాటు వచ్చే జాకీ టైరు మార్చడానికి మాత్రమే. దాన్ని నమ్మి కిందికి దూరొద్దు, తల కూడా పెట్టొద్దు. స్టాండ్ లేకపోతే కింద పని మెకానిక్‌కే వదిలెయ్యండి. బయట నుంచి చూసేదే చాలా చెప్తుంది. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, ముందు చక్రం లేపండి. గడియారంలో 12, 6 ఉండే చోట్ల రెండు చేతులతో పట్టుకుని ఊపండి. ఊగిందంటే వీల్ బేరింగో, బాల్ జాయింటో. ఏదో తేల్చుకోవడానికి ఒకర్ని బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపండి. ఊగడం ఆగిపోతే బేరింగ్. అప్పుడూ ఊగితే బాల్ జాయింట్ మీద అనుమానపడాలి. 9, 3 దగ్గర పట్టుకుని ఊపితే ఆడుతోందంటే టై రాడ్ ఎండ్ గానీ, ర్యాక్ గానీ అరిగినట్టు.

చప్పుళ్లకీ ఓ భాష ఉంది. చిన్న గుంతల్లో ‘కటక్ కటక్’ అంటే బుష్‌లో, బాల్ జాయింటో. నిలబడ్డ కారులో స్టీరింగ్ తిప్పితే ‘టంగ్’మని స్ప్రింగ్ ఎగిరిన శబ్దం వస్తే స్ట్రట్ పైన ఉండే మౌంట్. పూర్తిగా తిప్పి యూటర్న్ కొడుతుంటే ‘కటకటకట’ అని ఆగకుండా వస్తే అది సస్పెన్షనే కాదు, డ్రైవ్ షాఫ్ట్ జాయింట్. 70, 80 స్పీడులో మాత్రమే స్టీరింగ్ వణికి, ఆ పైన తగ్గిపోతే చాలాసార్లు వీల్ బ్యాలెన్సింగో, వంకరపోయిన రిమ్మో అయి ఉంటుంది.

వాయిదా వెయ్యకూడనిది

పైన చెప్పినవాటిలో చాలావాటికి ‘వచ్చే నెల చూద్దాం’ అనొచ్చు. షాకబ్ లీకైతే కారు ఊగుతుంది, వాన రోడ్డు మీద బ్రేకు దూరం పెరుగుతుంది, అయినా ఇల్లు చేరతాం. బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్ మాత్రం వేరు. బాల్ జాయింట్ ఊడితే చక్రం కింద భాగం బయటికి తన్నేసి, కారు ఆ మూల మీద కూలబడుతుంది. టై రాడ్ ఎండ్ ఊడితే ఒక చక్రం మీరు చెప్పిన వైపు వెళ్తుంది, రెండోది దాని ఇష్టం. మెయిన్ రోడ్ల పక్కన ముందు చక్రం అడ్డంగా పడిపోయి ఆగిన ఆటోలూ పాత కార్లూ చూసే ఉంటారు.

ఆ రోజు ఆటోనగర్‌లో నిజంగా భయం వేసింది బుష్‌లు చూసి కాదు. అదే చక్రం బాల్ జాయింట్‌కి ఉండే రబ్బరు టోపీ చిరిగిపోయి ఉంది. లోపల గ్రీజు ఎప్పుడో పోయింది. ఆ చోట ఎర్రటి తుప్పు, ఇసుక. బాబాయ్ రాడ్‌తో ఎత్తితే జాయింటు లోపల ‘టిక్’మని లేచి పడింది. ఇంట్లో నేను చక్రం ఊపి చూసినప్పుడు అంతగా తెలియలేదు మరి. ‘‘దీంతోనా హైవే మీద వచ్చారు?’’ అని ఆయన నన్ను కాదు, నాన్నని అడిగారు.

అందుకే ఆరునెలలకోసారి, ముఖ్యంగా వానాకాలం ముందు, కింద ఉన్న రబ్బరు టోపీలు చూడమని అడగండి. బాల్ జాయింట్‌వి, టై రాడ్‌లవి, ర్యాక్ రెండు చివర్లా ఉండే మడతల తొడుగులు, డ్రైవ్ షాఫ్ట్‌వి. చిరిగిన తొడుగు తొలి వారాల్లో దొరికితే అక్కడితో సరిపోతుంది. ఒక వానాకాలం అలాగే తిరిగితే లోపలి సామాను కూడా మార్చాల్సిందే.

పని జరుగుతుంటే పక్కన ఉండండి

పాత కార్ల పనిలో విడిభాగం ఎంత ముఖ్యమో, బిగించే పద్ధతీ అంతే ముఖ్యం. కొన్ని మాత్రం మీ కళ్లతో చూసుకోండి. టై రాడ్ ఎండ్, బాల్ జాయింట్ నట్లకి అడ్డంగా దూర్చే స్ప్లిట్ పిన్ ప్రతిసారీ కొత్తదే వెయ్యాలి. పాతదాన్ని సాగదీసి మళ్లీ దూర్చడం, ఏదో తీగ ముక్క చుట్టడం.. రెండూ ఒప్పుకోవద్దు. రూపాయల్లో దొరికే ఆ పిన్నే నట్టు ఊడకుండా ఆపేది.

రబ్బరు బుష్‌లు ఉన్న ఆర్మ్ బోల్టులు కారు గాల్లో ఉండగా ఊరికే పట్టి ఉంచి, చక్రాలు నేల మీద ఆనాక ఫైనల్‌గా బిగించాలి. వేలాడుతున్నప్పుడే బిగించేస్తే, కారు దించగానే రబ్బరు మెలితిరిగి అదే స్థితిలో బతుకంతా గడపాలి. కొత్త బుష్ ఆరు నెలల్లో చిరిగిపోతే ‘డూప్లికేట్ మాల్’ అని తిట్టుకుంటాం. తప్పు చాలాసార్లు స్పానర్‌ది.

స్ట్రట్‌లు మార్చాల్సి వస్తే జతగానే మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి పాతదైతే కారు కుంటుతుంది. స్ట్రట్ విప్పడం యూట్యూబ్ చూసి ఇంట్లో చేసే పని కాదు. స్ప్రింగ్ లోపల బలంగా అదిమి ఉంటుంది. కంప్రెసర్‌తో బిగించకుండా పైనట్టు విప్పితే అది తుపాకి గుండే.

స్టీరింగ్ ప్లే ఉందని చెప్పగానే కొందరు ర్యాక్ వెనక ఉండే స్క్రూ బిగించేస్తారు. ప్లే మాయమవుతుంది, మనం సంతోషిస్తాం. కానీ ర్యాక్ పళ్లు ఎక్కువగా అరిగేది మధ్యలో, మనం నేరుగా వెళ్లేటప్పుడు ఆనే చోట. మధ్యలో సరిపోయేలా బిగిస్తే, పూర్తిగా తిప్పినప్పుడు పట్టేస్తుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావట్లేదంటే ఈ పని ఎవరో చేసి ఉంటారు. టై రాడ్‌లు కొత్తవి వేశాకా ప్లే ఉంటే అప్పుడు ర్యాక్ సంగతి మాట్లాడండి.

విడిభాగాల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తా. సీటు కవర్లు, అద్దాలు, మ్యాట్‌లు ఎక్కడైనా కొనుక్కోండి. బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్ మాత్రం కంపెనీ జెన్యూన్ పార్ట్ గానీ, పేరున్న తయారీదారుది గానీ బిల్లుతో కొనండి. స్క్రాప్‌లో ‘మంచి కండిషన్’ అని అమ్మే పాత బాల్ జాయింట్ ఎన్ని గుంతలు చూసిందో ఎవరికీ తెలియదు.

ఇంకోటి. రీల్స్ చూసి స్ప్రింగ్‌లు కోయించి కారు కిందికి దించుదామనుకునే వాళ్లకి.. స్ప్రింగ్‌లో చుట్లు తగ్గితే అది గట్టిబడుతుంది, చక్రం పైకి లేచే జాగా తగ్గుతుంది. మన స్పీడ్ బ్రేకర్ల మీద ప్రతి దెబ్బా నేరుగా బాల్ జాయింట్‌కీ, బాడీకీ తగులుతుంది. చక్రం గుంతలో వేలాడినప్పుడు కోసిన స్ప్రింగ్ తన సీటులోంచి జారే ప్రమాదం కూడా ఉంది. అనుమతి లేకుండా ఇలాంటి మార్పులు చెయ్యడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. అలాగే వెడల్పు టైర్లు వేస్తే పవర్ స్టీరింగ్ లేని ఈ కారుని పార్కింగ్‌లో తిప్పడానికి జిమ్‌కి వెళ్లాల్సి వస్తుంది.

అప్పుడు అలైన్‌మెంట్

లూజులన్నీ పోయాక, టైర్లలో గాలి సరిచూసుకుని అలైన్‌మెంట్‌కి వెళ్లండి. ఈ కారులో మామూలుగా సర్దగలిగేది ఒక్క ‘టో’ మాత్రమే. ముందు చక్రాలు లోపలికి చూస్తున్నాయా, బయటికా అన్నది. క్యాంబర్, క్యాస్టర్ అంకెలు తేడాగా ఉన్నాయంటే ఏదో వంగిందనో, అరిగిందనో అర్థం. ‘సెట్ చేసేశాం’ అంటే ఏం సెట్ చేశారో అడగండి. రెండు వైపులా టై రాడ్‌లు సమానంగా సర్దితే నేరు రోడ్డు మీద స్టీరింగ్ నిటారుగా నిలుస్తుంది. వంకరగా ఉందని చెప్తే స్టీరింగ్ చక్రాన్నే ఊడదీసి తిప్పి పెట్టేవాళ్లున్నారు. ఒప్పుకోకండి.

ఇంత చేయించాలా, అమ్మెయ్యాలా? నేను బాబాయ్‌ని అదే అడిగాను. ఆయన బానెట్ ఎత్తి, రెండు వైపులా స్ట్రట్ పైభాగం బాడీకి బిగించే చోట స్క్రూడ్రైవర్ పిడితో తట్టారు. కింద లోయర్ ఆర్మ్ బాడీకి కలిసే చోట కూడా. ‘ఠంగ్’మని గట్టిగా పలికింది. ‘‘ఇక్కడ మెత్తగా పలికితే అమ్మెయ్యమనేవాణ్ణి. తుప్పు పట్టిన గోడకి కొత్త మేకు ఎందుకు? ఇది పలుకుతోంది. చేయించుకో.’’ విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో తిరిగిన కారు కొంటున్నవాళ్లు రంగు చూసే ముందు ఈ చోట్లే తట్టి చూడాలి.

రెండు వైపులా బాల్ జాయింట్లు, బుష్‌లు, ఎడమ టై రాడ్ ఎండ్ మార్చారు. షాకబ్‌లు బాగానే ఉన్నాయన్నారు, వదిలేశాం. సాయంత్రం నాలుగో అలైన్‌మెంట్ అయ్యాక తాళాలు నాన్నకిచ్చాను. ఖాళీ రోడ్డు మీద అరవైలో వెళ్తుంటే, వెనక ఎవరూ లేరని చూసి ‘‘ఇప్పుడు బ్రేకు తొక్కండి’’ అన్నాను. తొక్కారు. కారు గీత గీసినట్టు ఆగింది. ఆయన స్టీరింగ్ మీంచి రెండు చేతులూ తీసి, మళ్లీ పెట్టి, మధ్యలో నొక్కి చూశారు.

‘‘అంతా బాగుంది గానీ.. హారన్ ఎందుకు మోగట్లేదు?’’